కెమెరా మళ్లీ వచ్చిందా?

సినిమా సంగతి వస్తే మన ఇళ్లలో నటీనటుల పేర్లు పసిపిల్లలు గూడ చెబుతారు. పాట పాడినవారెవరో, మాటలు రాసినవారెవరో పెద్దలు చెబుతారు. కెమెరా పట్టినవారి పేరు అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇక కథ లేని సినిమా, అనగా డాక్యుమెంటరీ, తీసినవారి సంగతి చెప్పనే అక్కరలేదు. మా చిన్నతనంలో హాలులో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రం ఒకటి వేసేవారు. ఆనకట్టో, పంట పొలమో, గిరిజనుల నృత్యమో తెర మీద నడుస్తూ వుంటే జనం వేరుశనగకాయలు కొనుక్కోవడానికి బయటికి పోయేవారు. తిరిగివచ్చి “అయిపోయిందా?” అని పక్కవారిని అడిగి కూర్చునేవారు.

ఆ తెర మీద ఆడినవారు ఎవరు? వారిని తీసినవారు ఎవరు? తీసినవారు తరువాత ఎప్పుడైనా ఆ ఊరికి తిరిగి వెళ్లారా? ఈ ప్రశ్నలు ఆనాడు ఎవరికీ తట్టలేదు. మనం జయపురంలో కాపురం వుంటున్నాము గనుక మనకు తట్టవలసిన ప్రశ్నలే ఇవి. ఏమంటే, దేశంలో కెమెరాలు ఎక్కువగా చూసిన కొండలలో మన చుట్టూ వున్న కొండలు గూడ కొన్ని. అందుచేత ఈ నెల ఒక కెమెరా మనిషి జీవితం గురించి నాలుగు మాటలు రాయదలచాము. ఆయన సినిమావాడు కాడు. వృత్తిరీత్యా ఆచార్యుడు. కాని ఆయన విడిచిపోయిన చలనచిత్రం 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద నూరు గంటలకు పైగా వున్నది. ఇంతటి చిత్రసంపద మన ప్రాంతాల గిరిజనులను గురించి గాని, హిమాలయాల ప్రజలను గురించి గాని మరి ఏ ఒక్కరూ కూడబెట్టి వుండరనే మా నమ్మకం.

ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాదు గోండులకు ఆ పేరు మన ఇంటి పేరంత పరిచయం. మన వైపు మాత్రం తెలిసినవారు అరుదు. ఆయన 1909లో వియన్నా నగరంలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే మానవశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొని, 1936లో నాగా కొండలకు వచ్చారు. కోన్యాక్ నాగుల నడుమ ఏడాదికి పైగా వుండి, 1939లో ఒక పుస్తకం వెలువరించారు. దాని పేరు ‘ది నేకెడ్ నాగాస్’. ఆ పేరు సంగతి తరువాత మాట్లాడుకుందాము.

1938లో ఇంగ్లీషు వనిత బెట్టీ ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లాడి, మరుసటి యేడు ఇద్దరూ కలిసి ఇండియా వచ్చారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది గనుక ఆయన చేతిలో వున్నది జర్మనీ పాస్‌పోర్టు. శత్రుదేశపు మనిషి కింద లెక్క. బ్రిటిషు అధికారులు, వారిలో కొందరు ఆయనకు మిత్రులే, “మన్నించాలి” అంటూనే నిర్బంధించారు. చివరకు నిజాము రాజ్యం దాటి పోరాదని కట్టడి చేసి అక్కడ వుంచారు. మనిషిని ఒకచోట కట్టిపడవేస్తే కొందరు కుమిలిపోతారు. ఈయన కెమెరా, నోటుపుస్తకం పుచ్చుకొని అడవిలోకి నడిచారు. ఆ కట్టడే తెలుగు దేశానికి లాభించిందని చెప్పాలి.

మొదట కృష్ణానది ఉత్తరపు గట్టున అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల దగ్గరకు వెళ్లారు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. తరువాత గోదావరి ఒడ్డున పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గర వున్నారు. దొరలు ఆ కొండలను బైసన్ హిల్స్ అనేవారు. ఆ పేరు మీదనే 1945లో రెండవ పుస్తకం అచ్చయింది. ఆ పిమ్మట ఆదిలాబాదు రాజగోండులు. వారి మీద గ్రంథం 1948లో వచ్చింది. ఈ మూడు చోట్లా ఆయన పద్ధతి ఒకటే. పల్లెలో గుడారమో గుడిసెయో వేసుకొని నెలల తరబడి వుండడం, మాట నేర్చుకోవడం, ఎవరికి ఎవరు ఏమవుతారో రాసుకోవడం, పండుగకూ చావుకూ పక్కన నిలబడడం. ఫోటో తీయడం ఆ తరువాతి పని. భార్య ఆయన వెంటనే వుండేది. వారు కలిసి రాసిన ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ (1979) మీద ఇద్దరి పేర్లూ వున్నవి.

మన వైపు గూడ ఆయన వచ్చారు. అప్పటికి కోరాపుట్టు జిల్లా కొత్తది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం ఏజెన్సీ నుంచి విడదీసి కట్టిన జిల్లా అది. ఇక్కడి గదబల, బోండాల నడుమ తిరిగి, వారు రాళ్లు నిలిపే ఆచారాల గురించి 1943లో ఆయన ఒక వ్యాసం ప్రకటించారు. లమతాపుట్టు, నందపురం వైపు పల్లెలకు వెళ్లినవారికి ఊరి నడుమ చెట్టు కింద పెద్ద పెద్ద బల్లపరుపు రాళ్లు పరిచి వుండడం తెలుసు. మన పల్లెల్లో రచ్చబండ ఎటువంటిదో అది గదబలకు అటువంటిది. పెద్దలు కూర్చుని తగవు తీర్చేది అక్కడే. వారిలో గోతర్ అనే కర్మ ఒకటి వున్నది. వెనుకటి సంవత్సరాలలో చనిపోయినవారినందరినీ తలచి, వారిని దున్నపోతులలోకి ఆవాహన చేసి, వారి పేర రాళ్లు నిలిపి, చివరిసారి సాగనంపే పెద్ద కర్మ అది. వేల సంవత్సరాల నాటి రాతి సమాధులను తవ్వి శాస్త్రజ్ఞులు ఊహలు చేస్తూ వున్న రోజులలో, ఆ ఆచారం ఇంకా సజీవంగా వున్న మనుషులు మన పక్కనే వున్నారని లోకానికి తెలిపిన రచనలలో ఆయనది ఒకటి. ఆ వెనుక వెరియర్ ఎల్విన్ బోండాల మీద పెద్ద గ్రంథం రాసి 1950లో అచ్చువేశారు.

ఇక కెమెరా సంగతి. ఈనాడు జేబులో ఫోను పెట్టుకొని తిరిగేవారికి ఆనాటి శ్రమ తెలియజెప్పడానికి కొంచెం గుమాస్తా లెక్క వేస్తాము, విసుగుకోవద్దు. 16 మిల్లీమీటర్ల ఫిల్ము ఒక అడుగుకు 40 బొమ్మలు. నూరడుగుల చుట్టకు 4,000 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మల లెక్కన నడిపితే ఆ చుట్ట మూడు నిమిషాలు గూడ రాదు. నూరు గంటల చిత్రం కావాలంటే అటువంటి చుట్టలు రెండు వేల పైచిలుకు కావాలి. అడవిలో కెమెరాకు కరెంటు ఎక్కడిది? గడియారానికి చావి ఇచ్చినట్లు స్ప్రింగు బిగించి నడిపే కెమెరాలే ఆనాటి బాటసారులకు దిక్కు. ఒకసారి బిగిస్తే అరనిమిషం నడిచేది. పైగా ఎండకు, తేమకు చుట్ట చెడిపోతుంది. కడిగించడానికి నగరానికి పంపాలి. బొమ్మ వచ్చిందో లేదో తెలియడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు. ఆ అరనిమిషం ఎప్పుడు మొదలు పెట్టాలో తెలియాలంటే ఎదుట జరుగుతున్నది ఏమిటో ముందుగా తెలిసి వుండాలి. డోలు ఎప్పుడు ఆగుతుంది, పూజారి ఎటు తిరుగుతాడు, ఏడుపు ఎవరిది అన్నది తెలియనివాడు చుట్ట తగలేసుకుంటాడు. కనుక నెలల తరబడి పల్లెలో వుండడం పుస్తకానికే గాక బొమ్మకూ పెట్టుబడే.

డాక్యుమెంటరీ చిత్రాలకు ఆద్యుడని పేరుబడిన రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా ఆయన 1922లో ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే చిత్రం విడుదల చేశాడు. మంచుదేశపు వేటగాని జీవితం అది. చూసినవారు ముగ్ధులైనారు. కాని ఆ వేటగాని అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. మంచు ఇంటి లోపల చిత్రం తీయడానికి వెలుతురు చాలదని సగం ఇల్లే కట్టించి పైకప్పు లేకుండా తీశారు. అప్పటికే తుపాకితో వేటాడుతున్న వారిని పాతకాలపు బల్లెం పట్టుకొమ్మన్నారు. అబద్ధమని కొట్టిపారవేయడం మా ఉద్దేశం కాదు. అది గొప్ప చిత్రమే. కాని చూడదలచుకున్నది ముందుగా మనసులో పెట్టుకొని, దానికి తగినట్లు మనుషులను నిలబెట్టే అలవాటు ఆ మొదటి చిత్రం నుంచే వున్నదని చెప్పడానికి ఈ మాట. మన సంతలో బోండా స్త్రీని “కాస్త ఆ గొలుసులు సర్దుకో, ఆ గుడ్డ తీసివేయి” అనే యాత్రికుడు ఫ్లాహర్టీకి మునిమనుమడన్నమాట.

హైమన్‌డార్ఫ్ దారి వేరైనది ఆదిలాబాదులో. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాము పోలీసులు కుమ్రం భీమును, ఆయన తోటివారిని కాల్చి చంపారు. అడవిని రిజర్వు చేసి, సాగుచేసుకునే వారిని వెళ్లగొట్టడం, పట్టాలు లేవని బయటివారు భూములు కాజేయడం, ఇవీ ఆ తిరుగుబాటుకు మూలాలు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం అప్పుడు ప్రభుత్వానికి కలిగింది. ఆ పని మీద గోండుల దగ్గరకు వెళ్లి, తప్పు గోండులది కాదని, భూమి పోగొట్టిన పద్ధతిదని రాసినవారు హైమన్‌డార్ఫ్. రెవిన్యూ శాఖ చూస్తూ వుండిన గ్రిగ్సన్ అనే దొర ఆ మాట విన్నాడు.

1943లో మార్లవాయి అనే చిన్న పల్లెలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ భాషకే వాచకాలు తయారు చేశారు. చదువు తమ మాటలో మొదలు కావడం ఆ పిల్లలకు అదే మొదలు. ఆ గోండీ మన తెలుగుకు దగ్గరి చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. యుద్ధం ముగిసిన తరువాత హైమన్‌డార్ఫ్ నిజాము ప్రభుత్వానికి గిరిజనుల విషయాలలో సలహాదారుగా పనిచేశారు. సేతుమాధవరావు పగడీ వంటి అధికారులు గోండీ నేర్చుకొని ఊరూరా తిరిగారు. లక్ష ఎకరాలకు పైగా భూమికి గిరిజన కుటుంబాల పేర పట్టాలు వచ్చినవి. మావంటి గుమాస్తాలకు పట్టా విలువ చెప్పనక్కరలేదు. కాగితం మీద పేరు వున్నవాడు మనిషి, లేనివాడు ఆక్రమణదారు. ఫోటోలో ముఖం వుండి రిజిస్టరులో పేరు లేకపోతే ఏమి లాభం? ఈయన రెండూ వుండేటట్లు చూశారు.

అట్లని ఆయనను దేవుణ్ణి చేయము. కాల్చిన ప్రభుత్వమే సలహా అడిగింది, ఆ ప్రభుత్వంలోనే ఆయన కొలువు చేశారు. గోండులు ఎట్లా బ్రతకాలో గోండులు గాక మరొకరు నిర్ణయించే పద్ధతి అది. ఆ నాగా పుస్తకం పేరు సంగతి చెబుతామన్నాము గదా. ఒక జాతి గురించి పుస్తకం రాసి, ఒంటి మీద బట్ట లేకపోవడమే పేరుగా పెట్టడం ఈనాడు చూస్తే మనసుకు నొప్పి కలుగుతుంది. మన ఇంటి ఆడపడుచులను గురించి ఎవరైనా అట్లా అట్ట మీద అచ్చువేస్తే ఊరుకుంటామా? ఆ కాలం అట్లాంటిది అనుకోవచ్చును. కాని చదివే నాగా పిల్లవాడికి కాలం సమాధానం చెప్పదు.

ఇక్కడ మేము అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాము. 1949లో ఆయన లండన్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉద్యోగానికి వెళ్లారు. 1951లో ఆచార్య పదవి వచ్చింది, 1976లో విరమించారు. మధ్యలో, 1953లో, నేపాలులో మానవశాస్త్ర పరిశోధనకు అనుమతి పొందిన మొదటి విదేశీయుడు ఆయనే. అక్కడి షెర్పాల మీద గ్రంథాలు రాశారు, చలనచిత్రాలు తీశారు. ఇంత పేరు వచ్చిన పండితుడు పాత పల్లెలను మరచిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆయన మరచిపోలేదు. ఆయన పుస్తకాల పేర్లే సాక్ష్యం. 1976లో వచ్చిన ‘రిటర్న్ టు ది నేకెడ్ నాగాస్’ 1936 నుంచి 1970 వరకు ఆ ప్రజలలో వచ్చిన మార్పుల లెక్క. 1944లో తొలిసారి చూసిన అపతానీలను మళ్లీ మళ్లీ చూసివచ్చి 1980లో వారి మీద ఇంకొక పుస్తకం రాశారు. 1984లో షెర్పాలు ఎట్లా మారిపోయారో చెబుతూ మరొకటి. తీసిన బొమ్మను చూసుకొని మురిసిపోక, ముప్పై నలభై ఏళ్లకు అదే గుమ్మం ముందు నిలబడి “ఇప్పుడెట్లా వున్నారు?” అని అడిగిన మనిషి అన్నమాట.

ఇటువంటి గుణం మరొక దేశంలో, అసలైన డాక్యుమెంటరీ కళాకారునిలో గూడ కనిపిస్తుంది. చెక్ దేశంలో యాన్ ష్పాటా అని ఒకాయన వుండేవారు. 1932లో పుట్టి 2006లో గతించారు. ఎవాల్డ్ షోర్మ్ వంటి దర్శకులకు కెమెరా పట్టి, తరువాత తానే దర్శకుడైనారు. 1964లో ఆయన ‘అన్నిటికన్న పెద్ద కోరిక’ అని అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న చిత్రం తీశారు. ఆ దేశపు యువకులను “నీ జీవితంలో అన్నిటికన్న పెద్ద కోరిక ఏది?” అని అడిగి, వారి జవాబులు తెర మీద చూపారు. పాతికేళ్లు గడిచినవి. ప్రభుత్వాలు మారినవి. 1990లో అదే పేరుతో రెండవ చిత్రం తెచ్చారు, అదే ప్రశ్న కొత్త తరాన్ని అడిగారు. రెండూ పక్కపక్కన చూస్తే ఒక దేశం నడిచిన దూరం తెలుస్తుంది. ఒక్క చిత్రం ఆనాటి ముఖం చూపిస్తుంది. రెండవసారి వచ్చి తీసిన చిత్రం కాలాన్నే చూపిస్తుంది. వియన్నా ఆచార్యుడు, చెక్ కెమెరామాన్ ఒకరినొకరు ఎరిగినట్లు మేము వినలేదు. కాని ఇద్దరి మార్గమూ ఒకటే.

రెండవసారి వచ్చిన హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదులో ఏమి చూశారు? 1970ల చివర తిరిగి, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ అనే గ్రంథం వెలువరించారు. రోడ్లు వచ్చినవి, బస్సులు వచ్చినవి, వాటితోపాటు బయటి సేద్యగాళ్లు, వ్యాపారులు, అప్పులు ఇచ్చేవారు వచ్చారు. 1940లలో తాను దగ్గర వుండి ఇప్పించిన పట్టాల భూములు చాలా చోట్ల గోండుల చేతిలో లేవు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని ఆంధ్రలో 1959లో ఒక రెగ్యులేషను, 1970లో దానికి మరింత గట్టి సవరణ వచ్చినవి. అయినా భూమి పోతూనే వున్నది. కంచె వున్నది, చేను లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సమావేశానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది మరణించారు. ఎక్కువ మందే అని మిగిలినవారు చెబుతారు. జోడేఘాట్‌కూ ఇంద్రవెల్లికీ నడుమ 41 ఏళ్లు. రెండింటి వెనుకా భూమి తగాదాయే. మొదటిది మాత్రమే తెలిసిన కెమెరా మనిషి వీరగాథ చెప్పి వెళ్లిపోతాడు. రెండవది గూడ చూసినవాడికి గాథ సరిపోదు, లెక్క చెప్పవలసి వస్తుంది.

చదువరులు “ఇది ఆదిలాబాదు గొడవ, జయపురంలో మనకెందుకు?” అనవచ్చును. మనకే కావాలి. మన తాతముత్తాతలు ఈ కొండల కిందికి వచ్చి స్థిరపడినవారే. జయపురం సంస్థానం కొలువులలో, వ్యాపారాలలో, కోర్టు పనులలో మన కుటుంబాలు తరాల తరబడి బ్రతికినవి. మహారాజా విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాము. విశాఖలో ఆ సైన్సు కళాశాలకు ఆయన పేరే వున్నది. ఆ దానానికి సొమ్ము ఈ సంస్థానం శిస్తులో నుంచే వచ్చింది. ఆ శిస్తు కట్టినవారిలో పరజలు, గదబలు వున్నారని మనం అంత గర్వంగా చెప్పుకోము. ఒడిశాలో గూడ 1956లో రెండవ నంబరు రెగ్యులేషను వచ్చింది. గిరిజనుని స్థిరాస్తి అనుమతి లేకుండా ఇతరులకు బదిలీ కారాదని దాని సారం. అటువంటి చట్టం ఎందుకు అవసరమైందో ఏ పాత దుకాణం బాకీ పుస్తకం తిప్పినా తెలుస్తుంది. మచ్చకుండ్ పనులకు జలాపుట్టులో ఆనకట్ట కట్టినప్పుడు మునిగినది ఎవరి ఊళ్లు? 1955లో అక్కడ కరెంటు పుట్టింది. ఆ దీపాల కింద కూర్చునే మనలో చాలామంది తండ్రులు లెక్కలు రాశారు. ఈ సంగతులు ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. కెమెరా తిరిగి వచ్చి చూస్తే మన బొమ్మ గూడ అందులో పడుతుందని మాత్రం గుర్తుచేస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం ఒక గురువారం ఆఫీసు పని మీద ఒనుకుడెల్లి వెళ్లాము. అది బోండాలు దిగివచ్చే సంత. కారులో వచ్చిన యాత్రికులిద్దరు ఒక ముసలమ్మ ఎదుట కూర్చుని ఫోటోలు తీసి, పదిరూపాయల కాగితం ఒకటి ఆమె బుట్టలో వేసి వెళ్లిపోయారు. ఆమె ఆ కాగితం తీసి మడిచి చెంగున దోపుకొని, పక్కన నిలబడిన మమ్మల్ని దేశియా భాషలో అడిగింది: “బాబూ, నా బొమ్మ ఏ ఊరికి పోతుంది?” మేము జవాబు చెప్పలేకపోయాము. ఏ ఊరికి పోతుందో తీసుకుపోయినవారికే తెలియదు. ఆమె పేరు గూడ వారు అడగలేదు.

2012లో అండమానులోని జారవాలను ఆడించి తీసిన వీడియో బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టినప్పుడు, ఒడిశా ప్రభుత్వం గూడ బోండా, డోంగ్రియా వంటి ఆదిమ తెగల ఊళ్లకు యాత్రికులు పోవడం మీద, ఫోటోలు తీయడం మీద ఆంక్షలు పెట్టింది. మంచిదే. కాని నిబంధన కెమెరాను ఆపగలదు, మర్యాద నేర్పలేదు. మర్యాద అంటే ఏమిటో పై జీవితం చూస్తే తెలుస్తుంది: పేరు అడగడం, మాట నేర్చుకోవడం, తీసుకున్నదానికి బదులు ఏదైనా ఇవ్వడం, మళ్లీ రావడం.

ఆ చిత్రాలు ఏమైనవని అడుగుతారేమో. ఆయన ఫిల్ములు, వేలాది ఛాయాచిత్రాలు, రోజువారీ నోటుపుస్తకాలు లండన్‌లోని ఆ విద్యాలయంలోనే భద్రపరిచారు. 2000లో కేంబ్రిడ్జిలో ఆయన శిష్యుడు అలన్ మక్‌ఫర్లేన్, మార్క్ ట్యూరిన్ అనే మరొక పండితుడు కలిసి ‘డిజిటల్ హిమాలయ’ అనే పని మొదలుపెట్టి, హిమాలయాలకు చెందిన ఆయన చిత్రాలను కంప్యూటరులోకి ఎక్కించి, ఆ బొమ్మలలోని వారి మనుమలు చూసుకునే వీలు కల్పించారు. బొమ్మ తీసినవాడు మళ్లీ రాలేకపోయినా బొమ్మ అయినా తిరిగి రావచ్చునన్నమాట. తెలుగు కొండలకు, మన కొండలకు చెందిన బొమ్మలు గూడ ఆ ఊళ్ల బడి గోడలకు చేరవలసి వున్నది. పాపికొండల కొండరెడ్ల పల్లెలు ఎన్నో పోలవరం ముంపు కిందికి పోయే వేళ, ఆ పల్లెల పాత బొమ్మ పట్టాలాగే దాచుకోవలసిన దస్తావేజు.

బెట్టీగారు 1987 జనవరిలో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో గతించారు. 2012లో ఆయన చితాభస్మం గూడ మార్లవాయికి చేరి ఆమె పక్కనే సమాధి అయినది. అది నేడు కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలో వున్నది. ప్రతి జనవరిలో అక్కడి గోండులు వారిద్దరి పేర వర్ధంతి జరుపుతారు. చదువుకున్నవారు ఎందరో గిరిజనుల మీద పుస్తకాలు రాశారు. చనిపోయిన తరువాత తమ ఊళ్లో చోటిచ్చి దీపం పెట్టేటంత చనువు గిరిజనులు ఎందరికి ఇచ్చారో లెక్కపెట్టడానికి వేళ్లు చాలు.

చివరకు మన పని. మన సంఘ కుటుంబాలలో దాదాపు ప్రతి ఇంటా పాత ఆల్బములు వున్నవి. వాటిలో మన పెళ్లిళ్లు, ఉపనయనాలే గాక, ఎప్పుడో వనభోజనానికో, క్యాంపుకో వెళ్లినప్పుడు తీసిన గదబ నృత్యం, కుందులి సంత, జలాపుట్టు పనులలో కూలీల వరుస వంటి బొమ్మలు గూడ వుంటవి. దయచేసి ఈ సెలవులలో ఆ ఆల్బములు దించండి. ఇంట్లో పెద్దవారు వుండగానే ఒక్కొక్క బొమ్మ వెనుక పెన్సిలుతో మూడు మాటలు రాయించండి: ఊరు, సంవత్సరం, మనిషి పేరు. సిరా వద్దు, బొమ్మ మీదికి దిగుతుంది. పేరు తెలియకపోతే ఆ ఊరికి వెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు బొమ్మకు ఒక నకలు తీయించి పట్టుకువెళ్లండి. ఈ రోజులలో నకలు వేయించడానికి అయ్యే ఖర్చు ఎంత? ఆ ఇంటివారు తమ తల్లినో తాతనో అందులో గుర్తుపడితే ఆ బొమ్మ వారికి ఇచ్చి రండి. వారు ఒప్పుకుంటేనే, పేరుతో సహా, మన పత్రికకు మరొక నకలు పంపండి. పేరు లేని ముఖం మాత్రం మనం అచ్చువేయవద్దని మా మనవి. సంపాదక వర్గం వారు, చదువరులు ఏమంటారో వచ్చే సంచికలోగా తెలియజేయ ప్రార్థన.